పసుపు జెండా, నీలం దారం

సెప్టెంబర్ 28, ఆదివారం

జడ్జి కావాలంటే ముందు వాగుడుకాయ కావాలట. ఈ సంగతి తెలిసుంటే పదేళ్ల కిందటే దరఖాస్తు పెట్టేదాన్ని.

ఇవాళ మొదటి ప్రాక్టీసు. రబ్బరు పడవలో ముగ్గురం. స్టీరింగ్ దగ్గర మా ఆయన, ముందు పెద్దాయన, పక్కన నేను. పెద్దాయన ముప్పై ఏళ్లుగా తెరచాప పడవల రేసుల్లో జడ్జి. పని ఏమిటంటే, పడవల వెనకాలే తిరుగుతూ, ఎవరైనా గాలితో కాకుండా ఒంటి బలంతో పడవని తోస్తున్నారేమో చూడటం. తెరచాప తాడుని పదే పదే లాగి వదిలి విసనకర్రలా ఊపితే పంపింగ్. ఒళ్లు అటూ ఇటూ వేసి పడవని ఊయల చేస్తే రాకింగ్. కనబడితే విజిల్, పసుపు జెండా, ఫలానా నంబరు అని కేక. వాళ్లు అక్కడికక్కడే పడవని రెండు చుట్లు తిప్పుకోవాలి. ఆ రెండు చుట్లలో ఐదారుగురు దాటిపోతారు.

చూస్తున్నంతసేపూ జడ్జీలిద్దరూ నోరు మూయకూడదు. నీలం టోపీ, అల వచ్చింది, ఒకసారి లాగాడు, వదిలాడు, మళ్లీ లాగాడు, ఇలా గొణుగుతూనే ఉండాలి. ఎవరి కళ్లతో వాళ్లు చూడాలి. ఇద్దరి మాటా కలిస్తేనే విజిల్. ఒక్కరికే కనబడితే కనబడనట్టే లెక్క.

డ్రైవరు మాత్రం నోరు విప్పకూడదని పెద్దాయన గట్టిగా చెప్పాడు. ఇంట్లో అలవాటే లెండి అన్నాడు మా ఆయన.

ఇరవై ఆరేళ్లుగా తెరచాపలు కుడుతున్నాను. అవన్నీ నాకు నేల మీద పరిచిన గుడ్డలుగానే తెలుసు. ఇవాళ పన్నెండు తెరచాపలు ఒకేసారి గాలి నింపుకుని నా పక్కనుంచి పోతుంటే గొణగడం కూడా మర్చిపోయాను. యాభై రెండేళ్లకి ఈ భాగ్యం. ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక మా ఆయన వీపు మీద ఒకటి చరిచాను.

సెప్టెంబర్ 30, మంగళవారం

వంటింట్లో అత్తయ్య మీద ప్రాక్టీసు చేశాను. కుడి చెయ్యి చక్కెర డబ్బా మీద, మూత తీసింది, రెండో చెంచా, మూడో చెంచా అంటూ. ఆ చెంచా నా మీదకే వచ్చింది.

అక్టోబర్ 4, శనివారం

రెండో ప్రాక్టీసు. నాకు చీవాట్లు పడ్డాయి.

ఒక పడవ మలుపు తిరుగుతుంటే నేను తెరచాప పైకొస చూస్తూ, పైన టప్‌మంది, మళ్లీ టప్‌మంది అంటున్నాను. పెద్దాయన ఇంజను ఆపించాడు. నువ్వు గుడ్డని చూస్తున్నావమ్మా, మనిషిని చూడటం లేదు అన్నాడు. గుడ్డ ఊరికే కూడా ఊగుతుంది, చెయ్యి లాగిందా లేదా అన్నది ముందు, గుడ్డ సంగతి తర్వాత అని. సరే సార్ అన్నాను. కానీ ఏం చేయను, నా కళ్లు వాటంతటవే పైకి పోతాయి. టైలరుకి పెళ్లికూతురి మొహం కన్నా జాకెట్టు ముందు కనబడుతుంది.

ఇంకో మాట కూడా అన్నాడు. తెరచాప చదవడంలో నాలాంటి కన్ను ఆయన చూడలేదట. చీవాట్లు ఇంటికొచ్చేలోపే మర్చిపోయాను. ఈ మాట మాత్రం అత్తయ్యకి మూడుసార్లు చెప్పాను.

అత్తయ్యకి ఎనభై ఒకటి. వర్క్‌షాపులో కిటికీ పక్క కుర్చీ ఆవిడది. చేతులు వణుకుతాయి కాబట్టి సూది పట్టదు, కానీ నేను కుట్టే ప్రతి కుట్టూ ఆవిడ కళ్ల ముందు నుంచే పోవాలి. ఇక్కడ ఆవిడ పెట్టిన రూలు ఒకటుంది. కుట్టినవాళ్లు కుట్టు చివర తమ గుర్తు వేయాలి. ఆవిడది చుక్క. నాది అడ్డగీత. తప్పు దొరికితే ఎవరి జుట్టు పట్టుకోవాలో తెలియాలి కదే అనేది. ఆవిడ తెల్లదారం మనిషి, నాకు నీలం ఇష్టం.

అక్టోబర్ 8, బుధవారం

రేపటి నుంచి నాలుగు రోజుల పోటీ. చీఫ్ జడ్జి వచ్చింది. నాలుగు రోజులూ నన్ను గమనించి, పనికొస్తానంటే సర్టిఫికెట్ ఇస్తుంది. అదుంటే ఇక్కడే కాదు, ఎక్కడ రేసు జరిగినా జడ్జిగా పిలుస్తారు. లేకపోతే మళ్లీ ఏడాది ఆగాలి.

ఫారంలో పోటీదారులతో సంబంధం ఏమైనా ఉందా అని అడిగారు. సగం తెరచాపలు నా చేతుల మీదుగా పోయినవే అని రాశాను. చీఫ్ చదివి నవ్వింది. అయితే అందరూ సమానంగా మీ చుట్టాలే, ఫరవాలేదు అంది.

ఈ పోటీలో మొదటి ముగ్గురికి జట్టు క్యాంపులో చోటు. అందరి కళ్లూ ఒకమ్మాయి మీదే ఉన్నాయి. పందొమ్మిదేళ్లుంటాయేమో. ఎర్రటోపీ, చేతులకి తెల్లటి గ్లౌజులు. ఎండకి చేతులు నల్లబడతాయని కాబోలు. అందరూ పడవలు కడుక్కుంటూ కబుర్లాడుతుంటే తను ఒక్కతే మూల కూర్చుని తాళ్లు చుట్టుకుంటోంది. పక్క పడవ కుర్రాళ్లు అటు చూసి ఏదో అని నవ్వుకున్నారు.

అక్టోబర్ 9, గురువారం

గాలి లేదు. రేసు లేదు. రొట్టె, ఉడకబెట్టిన గుడ్డు, ఎండ. మా ఆయన స్టీరింగ్ పట్టుకునే నిద్రపోయాడు.

అక్టోబర్ 10, శుక్రవారం, సాయంత్రం 5

నా మొదటి విజిల్!

రెండో రేసు. గాలి వాలున చివరి మలుపు వైపు వస్తున్నారు. ఎర్రటోపీ అందరికన్నా ముందు. మేం వెనక ఎడమ పక్కన. చిన్న చిన్న అలలు, సన్నటి గాలి. ఎర్రటోపీ తెరచాప పైకొస టప్‌మంది. మళ్లీ టప్. మళ్లీ. ప్రతి అలకీ. నేను గొణుగుతూనే ఉన్నాను. పంప్, పంప్, పంప్, అవునా సార్ అన్నాను. అవును అన్నాడు పెద్దాయన. చెవులు చిల్లులు పడేలా ఊదాను. పసుపు జెండా ఎత్తి నంబరు అరిచాను.

ఆ పిల్ల వెంటనే రెండు చుట్లు తిప్పుకుంది. ఐదుగురు దాటిపోయారు. ఒకటో స్థానం ఆరో స్థానమైంది. ఈ ఆటలో ఎన్నో స్థానమైతే అన్ని పాయింట్లు, తక్కువ ఉన్నవాళ్లదే గెలుపు. అంటే ఒక్క విజిల్‌తో ఐదు పాయింట్లు మీద పడ్డాయి.

ఒడ్డుకొచ్చాక చీఫ్ నా భుజం తట్టింది. గట్టి కన్ను అంది.

రాత్రి 7

ఒక సంగతి మింగుడు పడటం లేదు. విజిల్ పడ్డవాళ్లు మామూలుగా మా వైపు గుర్రుగా చూస్తారు, చేతులు ఊపుతారు, నేనేం చేశానని అరుస్తారు. ఆ పిల్ల మా వైపు చూడనే లేదు. తన చేతులు చూసుకుంది.

మా ఆయనతో అంటే, తప్పు చేసినవాళ్లు అంతేలే అన్నాడు. అంతేనేమో.

అక్టోబర్ 11, శనివారం, సాయంత్రం 4.30

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. వరసగా రాస్తాను.

ఇవాళ గాలి గట్టిగా వీచింది. రేసులయ్యాక ఇంటికొచ్చేసరికి వర్క్‌షాపు నేల మీద ఒక తెరచాప పరిచి ఉంది. ఒడ్డుకి వస్తుంటే చిరిగిందట, రేపటికల్లా కావాలని ఎవరో అమ్మాయి ఇచ్చిపోయిందని అత్తయ్య చెప్పింది. నంబరు చూశాను. ఎర్రటోపీది.

తెరచాప చదునుగా నిలబడటానికి అడ్డంగా సన్నటి బద్దలు ఉంటాయి. ఒక్కో బద్దకీ ఒక్కో గుడ్డ జేబు. అన్నింటికన్నా పై జేబు చీలి వేలాడుతోంది. బయటి చీలిక కొత్తది. చెయ్యి లోపలికి పెట్టి చూస్తే, జేబు లోపలి కొస ఎప్పుడో ఊడిపోయింది. సూది రంధ్రాల్లో ఉప్పు గడ్డకట్టి ఉంది. బద్ద రాసుకుని రాసుకుని గుడ్డ నున్నగా మెరుస్తోంది. అంటే ఆ బద్ద ఏనాటి నుంచో లోపల వదులుగా ముందుకీ వెనక్కీ ఆడుతోంది.

బద్ద దూర్చి, ఒక అంచు మా ఆయన చేతికిచ్చి, రెండో అంచు నేను పట్టుకుని, చిన్న అల వచ్చినట్టు మెల్లిగా ఊపమన్నాను. టప్. మళ్లీ ఊపాడు. టప్. నిన్న నేను చూసింది ఇదే. అచ్చంగా ఇదే. తాడు లాగే చెయ్యి లేదు, ఏమీ లేదు.

అంతటితో అయితే బాగుండేది.

ఊడిన కుట్టు నీలం దారం. చివర అడ్డగీత.

రెండేళ్ల కిందట అత్తయ్య తుంటి విరిగి ఆస్పత్రిలో ఉంది. విజిటింగ్ టైము నాలుగింటికి. ఆ వారంలో కుట్టిందే ఇది. జేబు లోపలి కొసలో కుట్టు మీద మూడుసార్లు వెనక్కి కుట్టి ముడెయ్యాలి. అత్తయ్య నాకు నేర్పిన మొట్టమొదటి పని అది. నేను వెయ్యలేదు. బస్సు తప్పిపోతుందని గుర్తు మాత్రం వేసి పరిగెత్తినట్టున్నాను.

నా కుట్టు ఊడితే, ఆ ఊగుడికి నేనే విజిల్ ఊదాను.

అత్తయ్యకి చూపించాను. కళ్లద్దాలు పైకి జరిపి చాలాసేపు చూసింది. తిడుతుందనుకున్నాను. పోయి చెప్పిరా, సూదిలో దారం ఎక్కించి పెడతాను అంది. ఆ వణికే చేతులతో.

6.45

చీఫ్ గదిలో పెద్దాయన కూడా ఉన్నాడు. తెరచాప చంకన పెట్టుకుని వెళ్లాను. మొత్తం చెప్పాను, నీలం దారంతో సహా.

చీఫ్ కోప్పడలేదు. కోప్పడితే తేలికగా ఉండేది. నీళ్ల మీద వేసిన శిక్షని ఒడ్డున తీసేసే వీలు ఈ ఆటలో లేదు అంది. పాయింట్లు అలాగే ఉంటాయి. ఆ అమ్మాయి చెయ్యి లాగడం చూశారా అని అడిగింది. లేదు అన్నాను. పైకొస చూశాను, చేతిని చూడలేదు. కళ్లు నెత్తికెక్కాయంటారే, అలాగన్నమాట.

అప్పుడు పెద్దాయన లేచి నిలబడ్డాడు. నేనూ చూడలేదు అన్నాడు. ఎడమకన్ను మొదట్నుంచీ అంతంతమాత్రం, ఆరునెలలుగా కుడికన్నూ మసగ్గా ఉందట. ఆ దూరంలో టోపీ రంగు తప్ప ఏమీ ఆనడం లేదట. ఎవరికీ చెప్పలేదట. ఈమె కన్ను మీద నమ్మకంతో అవునన్నాను, ముప్పై ఏళ్లలో చూడకుండా అవునన్నది ఇదొక్కటే అనుకునేవాణ్ణి, ఇప్పుడు ఆ మాట మీద కూడా నాకు నమ్మకం లేదు అన్నాడు. కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. నాకు ఏడుపు వచ్చింది. ఆయన మర్యాద కాపాడుకోవాలనుకుంటే నోరు మూసుకుని కూర్చుంటే సరిపోయేది. నన్ను ఒక్కదాన్నే నిలబడనివ్వలేదు.

రేపు ఇద్దరం పడవెక్కకూడదు. సర్టిఫికెట్ ఈసారికి లేదు. రెండూ న్యాయమే. జడ్జిని కాను కాబట్టి తెరచాప కుట్టుకోవచ్చా అని అడిగాను. ఇంకా ఇక్కడే నిలబడ్డారేం అంది చీఫ్.

ఎర్రటోపీ పడవల షెడ్డులో ఉంది. ఎలా చెప్పాలో దారంతా అనుకుంటూ వెళ్లాను గానీ, తీరా చూశాక జేబు తిరగేసి చూపించి, ఇది నేను కుట్టింది, నిన్న ఊగింది ఇది, నువ్వు కాదు అని మాత్రం అనగలిగాను.

తను జేబులో వేలు పెట్టి చూసింది. ఎంతకాలం నుంచి ఇలా ఉందండీ అని అడిగింది. రెండేళ్లు ఉంటుంది అన్నాను.

పిల్ల అక్కడే నేల మీద కూలబడిపోయింది. తిడుతుంది, తిట్టనీ అనుకున్నాను. వెక్కి వెక్కి ఏడ్చింది. మధ్యమధ్యలో చెప్పింది. రెండేళ్లలో ఎక్కడెక్కడో నాలుగు విజిల్స్ పడ్డాయట. దొంగ పంపింగ్ చేస్తుందని అందరూ అనుకోవడం మొదలుపెట్టారట. కోచ్ కూడా నమ్మలేదట. ఇంతమంది జడ్జీలు అబద్ధం చెప్తారా, నాకే తెలియకుండా నా చెయ్యి లాగేస్తోందేమో అనిపించేదట. చెయ్యి మీద నమ్మకం పోయిందట. జడ్జీలకి దూరం నుంచి కూడా చేతులు స్పష్టంగా కనబడాలని తెల్ల గ్లౌజులు కొనుక్కుందట.

ఎండకి నల్లబడతాయని కాబోలు అని రాశాను బుధవారం. పేజీ వెనక్కి తిప్పి చూసుకున్నాను. తల కొట్టేసినట్టయింది.

నేనసలు చెయ్యలేదన్నమాట, నేనసలు చెయ్యలేదన్నమాట అని పదిసార్లు అంది. తర్వాత మొహం తుడుచుకుని, థాంక్సండీ అంది. నాకు! ఐదు పాయింట్లు పోగొట్టినదానికి, రెండేళ్లు నరకం చూపించినదానికి. ఎందుకమ్మా అన్నాను. మీరు చెప్పకపోతే నాకెప్పటికీ తెలిసేది కాదు కదా అంది.

అత్తయ్య సూదిలో దారం ఎక్కించే ఉంచింది. తెల్లదారం. ఈ ఒక్కసారికి నా దారంతో కుట్టవే అంది. లోపలి కొసలో మూడుసార్లు వెనక్కి కుట్టాను. ఆవిడ వేలితో తడిమి లెక్కపెట్టుకుంది. చివర నా అడ్డగీత పక్కన, పెన్ను పట్టుకుని, ఆవిడ కూడా ఒక చుక్క పెట్టింది. వంకరగా వచ్చింది.

అక్టోబర్ 12, ఆదివారం

రేవు గోడ మీద నలుగురం. నేను, అత్తయ్య చక్రాల కుర్చీలో, పక్కన పెద్దాయన, మా ఆయన టీ ఫ్లాస్కుతో. డ్రైవరు కాదు కాబట్టి ఇవాళ ఆపకుండా మాట్లాడాడు.

రెండు రేసులు. ఎర్రటోపీ ఒకదాంట్లో మొదట, ఒకదాంట్లో రెండో స్థానం. పెద్దాయనకి ఆనదు కాబట్టి ఆయన కోసం నేను గొణిగాను. ఈసారి కింద నుంచి మొదలుపెట్టాను. చేతులు, భుజాలు, నడుము, ఆ తర్వాతే గుడ్డ. పైకొస ఒక్కసారి కూడా టప్‌మనలేదు.

మొత్తం మీద నాలుగో స్థానం. మూడో స్థానం కన్నా రెండు పాయింట్లు ఎక్కువయ్యాయి. నా విజిల్ లేకపోతే క్యాంపులో ఉండేది. ఈ వాక్యం ఇక్కడ రాసి ఉంచాలి, తర్వాత నేను మెత్తగా మార్చుకోకుండా.

అక్టోబర్ 15, బుధవారం

చీఫ్ నుంచి ఉత్తరాలు. పెద్దాయనకి ఒకటి వెళ్లిందట, నాకు ఒకటి వచ్చింది. నాది చిన్నది. ఈసారి ఫెయిల్, మార్చిలో మళ్లీ రావచ్చు, కింది నుంచి చూడటం నేర్చుకుని రండి. కింద చేత్తో రాసింది: ఆ అమ్మాయి పాత విజిల్స్ గురించి నాలుగు చోట్లకీ రాశాను, తెరచాప ఫొటోలు జతచేశాను. శిక్షలు మారవు, అనుమానం మారవచ్చు. మార్చిలో క్యాంపుకి ఇంకో ట్రయల్ ఉంది.

ఇలాంటి ఫెయిల్ ఉత్తరం ఎవరైనా దాచుకుంటారా? నేను కత్తెరలు పెట్టే సొరుగులో దాచుకున్నాను.

నవంబర్ 20, గురువారం

పెద్దాయన కంట్లో శుక్లం తీశారు. కట్టు విప్పగానే చూడ్డానికి వెళ్లాం. నన్ను ఎగాదిగా చూసి, నీకిన్ని తెల్లవెంట్రుకలు ఉన్నాయని ఎవరూ చెప్పలేదేం అన్నాడు. చెప్పకూడదు కదండీ, డ్రైవర్ని అన్నాడు మా ఆయన.

జనవరి 17, శనివారం

పాత తెరచాపలు పిలిపించుకుంటున్నాం, నీలం దారంవి అన్నీ. ఆ ఆస్పత్రి వారంలో కుట్టినవి ఇంకో రెండు దొరికాయి. రెండింటికీ లోపలి కొస గట్టిగానే ఉంది. అయినా విప్పి మళ్లీ కుట్టాను. అత్తయ్య చుక్కలు పెడుతోంది. చుక్కలు రోజురోజుకీ వంకర అవుతున్నాయి. ఆవిడ ఉన్నంతకాలం ఆ వంకర చుక్క పడనిదే ఈ గదిలోంచి ఏదీ బయటికి పోకూడదని నా మొక్కు.

మార్చి 22, ఆదివారం, మధ్యాహ్నం, క్యాంపు ట్రయల్, జడ్జీల పడవలోంచే

ఎర్రటోపీ. అందరికన్నా ముందు. కుడి చెయ్యి తాడు మీద. గ్లౌజుల్లేవు. మొదటి అల, చెయ్యి కదల్లేదు. రెండో అల, కదల్లేదు. మూడో అల. ఏమీ లేదు అన్నాను. ఏమీ లేదు అన్నాడు పెద్దాయన. చూసి అన్నాడు.